బాబాయి ముక్కు

జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు. నెరిసిన వెంట్రుక కనిపిస్తే అద్దాన్ని అనుమానించే దశలోనే ఉన్నాను. కాని ఈ ఏడు దక్షిణాఫ్రికాలో ద్రాక్ష కోతలు మొదలైన వారమే నాకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది నా వాసన చూసే శక్తిని పట్టుకుపోయింది. వైన్ తయారుచేసే మనిషికి ఇది పాటగాడికి గొంతు పోవడం లాంటిదని అక్కడి డాక్టరు కళ్ళు తడి చేసుకుని మరీ చెప్పాడు. అంత సీను లేదు. గొంతు పోతే నోరు తెరవగానే లోకానికి తెలిసిపోతుంది. ముక్కు అలా కాదు. ఉన్నచోటే ఉంటుంది, ఫోటోల్లో బాగానే పడుతుంది, పోయిన సంగతి మనం చెబితే తప్ప ఎవరికీ తెలియదు. డాక్టరుకు తప్ప నేను ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మకు బాగాలేదని సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. నాయనమ్మ తొంభై దాటి కూడా నాకన్నా బాగుంది.

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఏడాదిలో భూమికి అటువైపు ఒకసారి, ఇటువైపు ఒకసారి ద్రాక్ష కోతకు వస్తుంది. మా చెరుకుపల్లి వైపు వరికోత మిషన్లు పొలం వెంట పొలం తిరిగినట్టు నేను దేశం వెంట దేశం తిరుగుతాను. నాసిక్‌లో మొదలుపెట్టి ఫ్రాన్సు, జార్జియా, చిలీ చూశాను. చూశానంటే అక్కడి ట్యాంకులు చూశాను. ఊళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, చల్లగా, చీకటిగా, తడి గచ్చుతో. రేపల్లెలో మా చర్చి సంఘంవాళ్ళు మాత్రం "గ్రేసీ విదేశాల్లో ద్రాక్షతోటల్లో సేవ చేస్తోంది" అని ప్రార్థనల్లో నన్ను జ్ఞాపకం చేసుకుంటారు. వినడానికి బాగుంది కాబట్టి నేను సరిదిద్దలేదు. అసలు పనిలో సగం ఉమ్మడమే. నోట్లో పోసుకుని, తిప్పి, ఉమ్మేయాలి. మింగినవాడు మధ్యాహ్నానికి పనికిరాడు. వాసన పోయాక నేను మింగడం మొదలుపెట్టాను. గొంతులో దిగేటప్పుడు తగిలే వేడిని బట్టి కొంతైనా తెలుస్తుందని ఒక గుక్క. తెలియకపోతే ఇంకో గుక్క. అలా ఒక వారం గడిచేసరికి భయమేసి టికెట్టు తీసుకున్నాను. నెల తర్వాత వెళ్ళి, పీపాల ముందు నిలబడి, ఏది దేనితో కలపాలో చెప్పాల్సింది నేనే.

ముక్కుతోపాటు ఇంకొకటి కూడా పోయింది. అదేమిటో చెప్పాలంటే మా ప్రభుదాసు బాబాయి గురించి చెప్పాలి. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. అయినా ఏ దేశంలోనైనా సరే, పులుస్తున్న ద్రాక్షరసం మీదకు నేను వంగితే నా వెనక ఎవరో రెండుసార్లు గట్టిగా గాలి పీల్చేవారు. తర్వాత ఒకే మాట. "రసమే." అంటే ఇంకా పులియలేదు, వైన్ కాలేదు అని. ఆ మాట వినిపించడం మానేసిన రోజున నేను ట్యాంకు మీద 'అయింది' అని రాసేదాన్ని. తోటివాళ్ళు దీన్ని నా ప్రతిభ అనుకునేవారు. వెనక్కి తిరిగి చూస్తే ఎప్పుడూ ఎవరూ లేరు. దయ్యాలకు వీసా ఎవరిస్తారు? కాని జ్వరం తర్వాత ట్యాంకు మీదకు వంగితే వాసనా లేదు, ఊపిరి చప్పుడూ లేదు, మాటా లేదు. పట్టిన దయ్యం వదిలితే ఎవరైనా కొబ్బరికాయ కొడతారు. మేం లూథరన్ క్రైస్తవులం కాబట్టి కొవ్వొత్తి వెలిగించాలేమో. నేను మాత్రం ఆ తడి గచ్చు మీద కూర్చుని చాలాసేపు చెవులు రిక్కించుకున్నాను.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. తెనాలిలో క్వార్టర్సు. ఈస్టరుకు ముందు శ్రమల కాలం వచ్చిందంటే మాకు ఉపవాసం కన్నా ముందు గుర్తొచ్చేది ఎండుద్రాక్ష. రేపల్లె చర్చిలో మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, ముందురోజు ఇచ్చే ప్రభురాత్రి భోజనానికి, ప్రభువు రక్తానికి గుర్తుగా తాగే ద్రాక్షరసం చేసే బాధ్యత నాయనమ్మది. రిటైరైన స్కూలు టీచరు ఆవిడ. బళ్ళో పిల్లల్నీ ఇంట్లో మొగుణ్ణీ ఒకే బెత్తంతో నడిపిందని ప్రతీతి. తాతయ్యను నేను చూడలేదు కాబట్టి నిజానిజాలు బెత్తానికే తెలియాలి. తెనాలి బజారులో నల్ల ఎండుద్రాక్ష కొనడం మా వంతు. గింజ ఉన్నదే కొనాలి. "గింజ లేనిది పాయసానికి, గింజ ఉన్నది ప్రభువుకి" అనేది నాయనమ్మ. ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని రేపల్లె పాసింజరులో కూర్చుంటే, కిటికీలోంచి కాలవ నీటి వాసన, వరికుప్పల వాసన, పక్కనావిడ బుట్టలోని ఎండుచేపల వాసన, వీటన్నిటి మధ్య నా ఒళ్ళోంచి తియ్యటి పాత వాసన వచ్చేది. ఇప్పుడు నన్ను నిపుణురాలని పిలిచేవాళ్ళు ఆ వాసనకు ఏవేవో పేర్లు పెడతారు. తోలట, పొగాకట. అప్పట్లో దాన్ని రేపల్లె అనేవాళ్ళం.

నాయనమ్మ ఆ ద్రాక్షను మరిగించి చల్లార్చిన నీళ్ళలో నానేసి, చేత్తో పిసికి, ఆవకాయ జాడీలన్నిటిలోకీ పెద్దదాంట్లో పోసి, మూతికి ఉతికిన గుడ్డ కట్టి, వంటింటి మూల పెట్టేది. ఎర్రటి రంగు దిగడానికి కొన్ని రోజులు పట్టాలి. రంగు దిగకపోతే ప్రభువు రక్తం మజ్జిగలా ఉంటుంది. రోజులు ఎక్కువైతే మార్చి ఎండకు పులుస్తుంది. పులిస్తే అది మందు, మందు నాయనమ్మ వంటింట్లో పుట్టడానికి వీల్లేదు. కాబట్టి ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దాని ముందు శనివారం ఎవరో ఒకరు వాసన చూసి తీర్పు చెప్పాలి. రసమైతే ఒక పొంగు కాచి సీసాల్లో పోస్తారు. పులిస్తే జామచెట్టు మొదట్లో పారబోసి, మిగిలిన ద్రాక్షతో మళ్ళీ మొదలుపెడతారు. ఆ జామచెట్టు ఏటా తూలుతూ కాసేదని బాబాయి అనేవాడు. వాసన మాత్రం నాయనమ్మ చూడదు. "నాకా వాసన తెలియదు, తెలియక్కర్లేదు" అనేది. తెలిసినవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. తాగి తాగి, ఒకరోజు రేపల్లె స్టేషను ప్లాట్‌ఫారం మీదే పడిపోయి, తర్వాత చర్చిలో అందరి ముందు మానేస్తానని ప్రమాణం చేసిన ఆవిడ చిన్నకొడుకు.

బాబాయి పొలాల్లో కాలిపోయిన నీటి మోటార్లకు తీగ చుట్టి బాగుచేసేవాడు. మూత విప్పకముందే మోటారు మీద ముక్కు పెట్టి ఏ తీగచుట్ట కాలిందో చెప్పేవాడు. "ముందు ముక్కుతో చూడవే గ్రేసీ, స్క్రూడ్రైవరు ఎక్కడికీ పోదు" అనేవాడు నాతో. సెలవుల్లో ఆయన షెడ్డే నా బడి. వార్నిషు, గ్రీజు, తడి కాగితం, పండిన తాటిపండు, ఏది కనిపిస్తే అది కళ్ళు మూయించి వాసన చూపించేవాడు. తప్పు చెబితే తిట్టడు. "నీ ముక్కు ఇంకా దుప్పటి కప్పుకుని పడుకుంది" అనేవాడు. జోకులు ఆయనవే, నేను చిల్లరగా వాడుకుంటున్నాను. సాయంత్రం ఆయన షెడ్డు మూసి వచ్చేసరికి నాయనమ్మ వాకిట్లో నిలబడి ఉండేది. "ఏరా, ఇవాళ్టి వాక్యం చెప్పు" అనేది. బాబాయి చెప్పులు విడిచి, ఆవిడ మొహానికి మొహం దగ్గరగా పెట్టి, బైబిలు కీర్తనల్లోంచి ఒక వాక్యం ఊపిరి పట్టకుండా చెప్పేవాడు. హల్లులు గట్టిగా పలికేవాడు, గాలి బాగా తగలాలని. వాక్యం పూర్తయ్యాక నాయనమ్మ పక్కకు జరిగేది. అప్పుడు అన్నం. ఇది భక్తి అని నేను పదో తరగతి దాకా నమ్మాను.

ఊరు కూడా అంతే. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళు, మోటారు తెచ్చిన రైతులు, బస్సులో కండక్టరు, అందరూ ఆయనతో మాట్లాడేటప్పుడు కాస్త ముందుకు వంగేవారు. ఏడాది పొడుగునా ఊరంతా ఆయన నోరు వాసన చూసేది. ఆ ఒక్క శనివారం ఆయన ఊరి కోసం వాసన చూసేవాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. సంఘపెద్దలు వరండాలో కుర్చీల్లో కూర్చునేవారు. నాయనమ్మ జాడీ మూతిగుడ్డ విప్పి వెనక్కి జరిగేది. బాబాయి మొహం కడుక్కుని, కిటికీవైపు తిరిగి ఊపిరంతా వదిలేసి, జాడీ మీదకు వంగి రెండుసార్లు పీల్చేవాడు. ఆ రెండు పీల్పుల మధ్య మా ఇంట్లో గోడగడియారం కూడా ఆగేదని రాయొచ్చు కాని, అది ఎప్పుడూ ఆగే ఉండేది. "రసమే అమ్మా" అనేవాడు. పెద్దలు లేచి ఆయనకు చేయి కలిపేవారు. ఆయన్ని అండీ అని పిలిచే రోజు అదొక్కటే. "వస్తామండీ ప్రభుదాసుగారూ."

ఒక ఏడు మాత్రం అలా జరగలేదు. జాడీ ముందుకు వచ్చి నిలబడ్డ బాబాయి, "కాస్త ప్రార్థన చేసుకుని చూస్తానండీ, అందరూ బయట ఉండండి" అన్నాడు. భక్తి పెరిగిందని పెద్దలు సంతోషించారు. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. మేం వరండాలో కూర్చున్నాం. ప్రార్థన సాగింది. ఎవరో "ఆమెన్ ఎప్పుడండీ" అంటే నవ్వారు కూడా. బాబాయి బయటికొచ్చి, మీసం తుడుచుకుని, "రసమే" అన్నాడు. అమ్మా అనలేదు. చేతులు కలిపి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం షెడ్డు దగ్గర పనుందని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మర్నాడు సంఘమంతా మట్టలు పట్టుకుని పాడుతూ వస్తుంటే బ్రాందీషాపు అరుగు మీద దొరికాడు. తర్వాత వాకిట్లో వాక్యం చెప్పడం మానేశాడు. ఆ వానాకాలం దాటలేదు. ఆ గురువారం మాత్రం సంఘమంతా ఆ జాడీలోదే తాగింది. ఎవరూ తూలలేదు. పాటలో తూలారు గాని అది ప్రతి వారం ఉన్నదే. మరుసటి ఏటి నుంచి నాయనమ్మ జాడీ ముట్టుకోలేదు. సంఘం గుంటూరు నుంచి ద్రాక్ష సిరప్ సీసాలు తెప్పించుకుంటోంది. తను చేసిన మందే కొడుకును తీసుకుపోయిందని ఆవిడ నమ్మకం. ఎవరితోనూ అనలేదు. ఆ జాడీని కడిగి, బోర్లించి, మళ్ళీ కడిగేది, అంతే. ఆ రోజు ఆ జాడీలో ఉన్నది రసమో మందో తేల్చుకోవాలని నేను బాపట్లలో వ్యవసాయం చదువుతూ పుస్తకాలు తిరగేశాను. తర్వాత ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇన్ని దేశాలు తిరిగాను. ఆ వేడికి, ఆ తీపికి, అన్ని రోజుల్లో రెండూ సాధ్యమే. ఇదీ నా అంతర్జాతీయ పరిజ్ఞానం.

ఈసారి వచ్చాక ముందు బాపట్ల వెళ్ళి కరుణ పిన్నిని చూశాను. బాబాయి భార్య. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. నేను బాపట్లలో చదివినన్నాళ్ళూ ఆదివారం చేపల పులుసు ఆవిడదే. ఈసారి కూడా పెట్టింది. నేను ఏమీ అనకుండా తినడం చూసి చెయ్యి కడుక్కోకుండానే నా పక్కన కూర్చుంది.

"పులుసు మాడిందే. నువ్వు చెప్పలేదు."

"బాగానే ఉంది పిన్నీ."

"మాడిన పులుసు బాగుందనే మొహమా నీది? ముక్కు పనిచెయ్యట్లేదా?"

దక్షిణాఫ్రికాలో అంతమంది నిపుణులకు తెలియనిది ఒక మాడిన గిన్నె చెప్పేసింది. నేను తలూపాను. ఎవరికీ చెప్పలేదని, వెళ్ళాక ఎలాగోలా నెట్టుకొస్తానని, మింగితే కొంచెం తెలుస్తోందని కూడా చెప్పాను. పిన్ని పులుసు గిన్నె మీద మూత పెట్టింది.

"ఆ రోజు మీ బాబాయికి జలుబు" అంది.

"ఏ రోజు?"

"ప్రార్థన చేసుకున్న రోజు. రెండ్రోజుల్నించీ ముక్కు మూసుకుపోయి ఉంది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నా. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. వంగాడు, పీల్చాడు, ఏం తెలీలా. మళ్ళీ పీల్చాడు. గరిట తీసుకున్నాడు. ఒక గరిట తాగి నిలబడ్డాడు. తెలియలేదనుకుంటా. ఇంకో గరిట తాగాడు. ఆ తర్వాత నేను చూడలేకపోయానే."

"జలుబని చెప్పొచ్చుగా! నాయనమ్మ ఒక వారం ఆగేది కదా."

"ఏడాదికి ఒక్కరోజే పెద్దమనిషి ఆయన. ఆ ఒక్కరోజూ నావల్ల కాదని ఎలా చెప్తాడు?"

"అయినా నాయనమ్మకా వాసన తెలియకపోవడం వల్లే కదా ఇదంతా."

పిన్ని నావైపు చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "మీ నాయనమ్మకి తెలీదా? మరి రోజూ వాకిట్లో నిలబడి ఆయన నోరు వాసన చూసిందెవరే? ఆవిడకి తెలియని వాసన లేదు. కొడుక్కి ఒక పని ఇవ్వాలి, పదిమందిలో ఒక మర్యాద ఇప్పించాలి. అందుకని తెలీదంది. అది ఆయనకీ తెలుసు. తెలిసే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు."

నేను మాడిన పులుసే ఇంకొంచెం వడ్డించుకున్నాను.

మట్టలాదివారానికి ముందురోజే ఇద్దరం రేపల్లె వెళ్ళాం. వాకిట్లో అడుగు పెట్టేసరికి నాయనమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. వంటింటి మూల జాడీ ఉంది. మూతికి ఉతికిన గుడ్డ. మనవరాలు ద్రాక్ష చదువు చదివి వస్తోందని, ఈ ఏటికి సిరప్ సీసాలు వద్దని పాస్టరుగారికి కబురు పంపించి, కొన్నాళ్ళ ముందే నానేసిందట. పాస్టరుగారు కూడా వచ్చి కూర్చున్నారు, నా వయసు కుర్రాడు. నేనొచ్చిన సంగతి విని ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. కుర్చీలు కూడా అవే. పిన్ని నావైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

"చూడవే పిల్లా" అంది నాయనమ్మ. మూతిగుడ్డ విప్పి వెనక్కి జరిగి కుర్చీలో కూర్చుంది.

మొహం కడుక్కుని కిటికీవైపు తిరిగి ఊపిరంతా వదిలేశాను. జాడీ మీదకు వంగాను. లోపల ఎర్రగా ఉంది, నా మొహం కనిపిస్తోంది. పీల్చాను. గాజుపలకకు ముక్కు ఆనించినట్టుంది. నా వెనక ఎవరైనా పీలుస్తారేమోనని ఆగాను. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. పొయ్యి పక్కన గరిట వేలాడుతోంది. నల్లటి పాత ఇత్తడి గరిట, అదే అయ్యుంటుంది. "కాస్త ప్రార్థన చేసుకుంటాను" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజం. అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. 'రసమే' అనడం ఇంకా తేలిక. ఎవరికి తెలుస్తుంది? ముక్కు ఉన్నచోటే ఉంది కదా.

"ఎలా ఉందండి?" అన్నారు పాస్టరుగారు వరండాలోంచి.

"నాకు తెలియడం లేదు నాయనమ్మా" అన్నాను. "వాసన రావట్లేదు. ఈ ముక్కు పనిచేసి చాలా రోజులైంది."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ద్రాక్షతోటల్లో సేవ అంతటితో ముగిసినట్టే ఉంది. నాయనమ్మ మాత్రం నన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళు నా మీద ఉన్నా చూస్తున్నది నన్ను కాదేమో అనిపించింది. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి, నన్ను మోచేత్తో పక్కకు జరిపి, అందరూ చూస్తుండగా జాడీ మీదకు తనే వంగింది. రెండుసార్లు పీల్చింది. ఆ చప్పుడు నాకు తెలుసు. బాబాయికి అది ఎవరి దగ్గర వచ్చిందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

"పులిసింది అయ్యగారూ" అంది. "సీసాలే తెప్పించుకోండి."

"మీకు వాసన తెలుసా టీచరుగారూ?" అన్నాడు ఒక పెద్దాయన, అదేదో నేరమైనట్టు.

"ఎప్పట్నుంచో తెలుసు" అని, పెరటివైపు తిరిగి, "కరుణా! పిల్లకి ముక్కు బాగాలేదు. మిరియాల చారు పెట్టు" అని కేకేసింది.

అంతే. నావల్ల కాదు అనే మాటకు మా ఇంట్లో పడే శిక్ష ఒక గ్లాసు మిరియాల చారు. ఆ సంగతి బాబాయికి తెలియకుండానే పోయింది. వెళ్ళాక అక్కడి వాళ్ళకూ ఈ మాటే చెప్పాలి. వాళ్ళ దగ్గర చారు ఉండదు, ఏం చేస్తారో చూడాలి. జామచెట్టు ఎప్పుడో కొట్టేశారు కాబట్టి జాడీని పెరటి కాలవలో వంపేశాం. ఎర్రగా కాసేపు నిలిచి ఇంకిపోయింది. నిజంగానే పులిసిందా, నన్ను ఆ కుర్చీల ముందు నుంచి తప్పించడానికి అలా అందా అన్నది నేను అడగలేదు. నా జీవితంలో తేలని జాడీలు ఇప్పుడు రెండు.

పిన్ని చారు తెచ్చింది. స్టీలు గ్లాసు, పొగలు. నోట్లో పోసుకోగానే అలవాటుకొద్దీ తిప్పాను, ఉమ్మడానికి చుట్టూ చూశాను, మింగేశాను. మంట తప్ప ఏమీ తెలియలేదు. నాయనమ్మ నా మొహానికి మొహం దగ్గరగా పెట్టింది, సాయంత్రాలు వాకిట్లో బాబాయి ఆవిడ దగ్గర పెట్టినట్టే.

"ఎలా ఉంది?"

"తెలియట్లేదు."

"తెలియకపోతే ఇంకో గ్లాసు తాగు" అంది.

పిన్ని చేతిలో గిన్నె ఒక్కక్షణం ఆగింది. నేను గ్లాసు పట్టాను. పోసింది. తాగాను.